మద్దెల యోడు

"ఆడలేక మద్దెల యోడన్నట్లు" అను సామెత మా యుపాధ్యాయుల నోట తరచుగా వినబడునది. గీత వంకరయైన బాలుడు స్కేలు సరిగా లేదనినను, దస్తూరి చెడిన బాలిక కలము మంచిది కాదనినను, మేము వెంటనే యీ సామెతను ప్రయోగించి సంభాషణ ముగింతుము. ఇరువది సంవత్సరములుగా నీ వృత్తియందున్న నేను దీని నెన్ని మారులు ప్రయోగించితినో లెక్కలేదు. అయితే మద్దెల నిజముగనే యోడయి యుండవచ్చునను సంగతి నా కొక్కమారైనను తోచలేదు. ఆ సంగతిని నాకు నేర్పినది యరచేతికి కొంచెము మించిన యొక యినుపపెట్టె. దాని పేరు డి.ఐ. బాక్సు. ప్రియ విద్యార్థులారా, ఆ పెట్టెను గూర్చియు, దానివలన నేను దిద్దుకొనిన నా తప్పును గూర్చియు నిచ్చట వ్రాయదలచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాల వార్షికోత్సవమునకు పాటబృందము సిద్ధమగుచుండెను. హార్మోనియము, తబలా యెప్పటివలెనే యుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన యన్న వాడి విడిచిన యెలక్ట్రిక్ గిటారును దెచ్చి, తానును వాయింతునని ముందుకు వచ్చెను. వాడు తరగతిలో నోరు విప్పని పిల్లవాడు. ప్రశ్న యడిగినచో తల వంచుకొని నిలుచుండును గాని, జవాబు తెలిసియు చెప్పడు. అట్టివాడు తనంతట తాను వచ్చుట చూచి నేను సంతోషించి యంగీకరించితిని.

వానియొద్దనున్న ఆంప్లిఫయరు చిన్నది. దాని ధ్వని వేదికమీదివారికి చాలును గాని, హాలు వెనుక వరుసలకు చేరదు. అందుచేత మైకుసెట్టు నడుపునతడు రెండు కేబుళ్లను జోడించి, గిటారునుండి వెనుక గోడయొద్దనున్న తన మిక్సరు వరకు తిన్నగా లాగెను. దూరము సుమారు 20 మీటర్లు. బాలుడు తీగెలను మీటెను. మాకు వినబడినది గిటారు కాదు, గోనెపట్టా కప్పిన డబ్బామీద కొట్టినట్లున్న మొద్దు మ్రోత. పై స్వరములు పూర్తిగా మాసిపోయినవి. వాడు మరల మీటెను, మరల నదే.

"మాస్టారూ, ఇంటివద్ద నిట్లు మ్రోగదండీ" అని వాడు మెల్లగా ననెను.

వాడు పదిమంది యెదుట నాతో పలికిన మొదటి మాట బహుశః యదియే. నేను మాత్రము, "ఏమిరా, ఆడలేక మద్దెల యోడా?" అంటిని. పిల్లలందరు ఘొల్లుమని నవ్విరి. వాడు తల వంచుకొనెను.

అంతటితో ముగిసినను బాగుండెడిది. మైకుసెట్టతడు మరియొక యుపాయము చేసెను. గిటారును ఆంప్లిఫయరునకే తగిలించి, ఆంప్లిఫయరు వెనుకనున్న లైను రంధ్రమునుండి కేబులును మిక్సరునకు పంపెను. ఇప్పుడు స్వరము కొంత తేటపడెను గాని, హాలంతయు తుమ్మెదలు నిండినట్లు జుమ్మను నాదము బయలుదేరెను. అతడు నవ్వి, "దీనికి మందు నాకు తెలియును మాస్టారూ" అని, ఆంప్లిఫయరు మూడుపిన్నుల ప్లగ్గును తీసి, ఎర్తు పిన్ను లేని ప్లగ్గును బిగించెను. నాదము వెంటనే యాగిపోయెను. ఏటేట పదవ తరగతికి విద్యుచ్ఛక్తి పాఠము చెప్పు నేను ప్రక్కనే నిలుచుండి, "భేష్" అంటిని.

కొంతసేపటికి కేబులు వేరొక పనికి కావలసివచ్చి, అతడు దానిని ఆంప్లిఫయరునుండి యూడదీసెను. బాలుడు తన ఆంప్లిఫయరుతోనే యభ్యాసము సాగించుచు, పల్లవి నందుకొనుటకు మైకునొద్దకు వంగెను. పెదవి మైకును తాకినదో లేదో, కెవ్వున కేకవేసి వెనుకకు పడెను. ఎడమచేయి తీగెలమీదనే యుండెను. దైవకృపవలన దెబ్బ యేమియు తగులలేదు. "పెదవి చురుక్కుమన్నది మాస్టారూ" అని మాత్రము చెప్పి, గిటారును సంచిలో పెట్టుకొని యింటికి పోయెను. మరునాడు అభ్యాసమునకు రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. జరిగినది నెమ్మదిగా ఆలోచించితిని. ఎలక్ట్రిక్ గిటారు తీగెలు కేబులు పైతొడుగు ద్వారా ఆంప్లిఫయరు లోహపు చట్రమునకు కలిసియుండును. ఆ చట్రమును భూమితో కలుపునదే యెర్తు పిన్ను. దానిని తీసివేసిన తరువాతగూడ, మిక్సరునకు పోవు కేబులు తొడుగు ద్వారా కొంతసేపు ఆంప్లిఫయరునకు ఎర్తు దొరకుచునేయుండెను. అందుచేత అపాయము పైకి కనబడలేదు. ఆ కేబులు నూడదీసిన క్షణమున చివరి యాధారము గూడ తొలగిపోయినది. ఆంప్లిఫయరులోనుండి కారిన కొద్దిపాటి విద్యుత్తు తీగెలమీదికి వచ్చినది. మైకు మాత్రము మిక్సరు ద్వారా ఎర్తుతో కలిసియున్నది. ఆ రెంటికి నడుమ నున్నది బాలుని శరీరము. ఆ దినమున ప్రవహించినది స్వల్పము గనుక చురుకుతో పోయినది. లోపల నేదైన తీగె యూడి చట్రమునకు తగిలియుండినచో, 230 వోల్టులును వానిమీదనే పడియుండెడివి.

ఇది భయమునకు చెప్పు మాట కాదు. 1972 మే నెలలో వేల్సు దేశపు స్వాన్సీ పట్టణమున, స్టోన్ ది క్రోస్ అను బృందపు గిటారు వాదకుడు లెస్ హార్వే, ఎర్తు సరిగా లేని మైకును తాకి, వేదికమీదనే విద్యుద్ఘాతముచే మరణించెను. 1976 మే నెలలో యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్, తన యింటిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించుచు నిట్లే ప్రాణము విడిచెను. ఒక జుమ్మను నాదమును మాన్పుటకై నేను నా విద్యార్థిని నిలిపినది యట్టి చోటనే.

తెల్లవారగనే, నగరమునందు రికార్డింగు పని చేయుచున్న మన పూర్వ విద్యార్థి కొకనికి ఫోను చేసితిని. అతడు సంగతి యంతయు విని, ఆ సాయంకాలమే వచ్చి, సంచిలోనుండి యొక యినుపపెట్టెను దీసి బల్లమీద నుంచెను. "మాస్టారూ, ఇది మీరు మాకు చెప్పిన ప్రేరణ పాఠమేగదండీ!" అనెను. నాకు సిగ్గు కలిగెను, సంతోషమును కలిగెను. అతడు చెప్పినదానిని, పిమ్మట నేను లెక్కవేసి చూచుకొనినదానిని కలిపి మీకు చెప్పెదను.

ఎలక్ట్రిక్ గిటారు తీగెల క్రింద పికప్పు అను భాగము కలదు. చిన్న అయస్కాంతములచుట్టు, వెండ్రుకవంటి సన్నని రాగితీగెను కొన్ని వేల చుట్లు చుట్టుదురు. ఉక్కుతీగె కంపించినప్పుడు అయస్కాంత అభివాహము మారును. ఆ మార్పువలన చుట్టయందు విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ యిదియే. దీనినే యాధారముగా జేసికొని అమెరికాయందు జార్జ్ బీచమ్ నిర్మించిన ఎలక్ట్రిక్ గిటారునకు 1937లో పేటెంటు లభించెను.

ఇట్లు పుట్టిన విద్యుత్తు బహు బలహీనమైనది. ఏటి యిసుకలో తీసిన చెలమను తలచుకొనుడు. దానిలో నీరు తేటగా నూరును గాని, నెమ్మదిగా నూరును. దోసిటితో నెంతసేపైనను త్రాగవచ్చును. మోట వేసి తోడబోయినచో బురద తప్ప మరేమియు రాదు. పికప్పు చెలమవంటిది. దాని నంటియున్న యంత్రము ఎంత విద్యుత్తును లాగుకొనునో దానినిబట్టి స్వరము నిలుచును, లేక చెడును. ఈ లక్షణమును ఇంపీడెన్సు అందురు. ఇది మనము చదువుకొను నిరోధమువంటిదే గాని, పౌనఃపున్యమును బట్టి మారుచుండును. దీనినిగూడ ఓములలోనే కొలుతురు.

గిటారు ఆంప్లిఫయరు లోనికి చూచు నిరోధము సాధారణముగా 10 లక్షల ఓములు. అది దోసిటితో త్రాగును. మిక్సరు లైను రంధ్రమున కట్టిది సుమారు 10 వేల ఓములు మాత్రమే. మైకు రంధ్రమున కింకను తక్కువ. ఇవి మోటవేసి తోడును. 6 వేల ఓముల నిరోధము, రెండున్నర హెన్రీల ప్రేరకత్వము గల పికప్పును తీసికొని యుజ్జాయింపుగా లెక్కవేసి చూచితిని. మిక్సరు లైను రంధ్రమునకు తగిలించినప్పుడు, మంద్రస్వరములందు సగమునకు మించిన బలము నిలుచుచున్నది. సెకనుకు 3,000 కంపనములుగల తారస్థాయి యంశములందు ఐదవ వంతు మాత్రమే మిగులుచున్నది. గోనెపట్టా కప్పినట్లు వినబడుటకు కారణ మిదియే. బాలుని వ్రేళ్లయందు లోపమేమియు లేదు.

కేబులు గూడ తనవంతు తీసికొనును. గిటారు కేబులు ప్రతి మీటరునకు సుమారు 100 పికోఫారడుల ధారకత్వము కలిగియుండును. 5 మీటర్ల కేబులుతో నీ పికప్పు సహజముగా సెకనుకు 4,500 కంపనముల దాపున మిలమిలలాడును. కేబులు 20 మీటర్లయినచో ఆ మెరుపు 2,250కు దిగిపోవును. దానికి పైనున్నదంతయు త్వరత్వరగా క్షీణించును.

ఇక పెట్టె చేయు పని వినుడు. గిటారునకు మిక్సరునకు నడుమ నుండి, గిటారువైపు తాను బహుస్వల్పముగా లాగుకొనును; మిక్సరువైపు దానికి తగినట్లు అందించును. ఇది రెండు విధములు. మొదటిదానిలో ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే యుండును. చుట్ల నిష్పత్తి 12:1 అయినచో, వోల్టేజి పండ్రెండవ వంతగును, ఇంపీడెన్సు మాత్రము 12ను 12చే గుణించినంత, అనగా 144 రెట్లు, మారును. 1,500 ఓముల మైకు రంధ్రము గిటారునకు 2,16,000 ఓములుగా కనబడును. తగ్గిన వోల్టేజిని మిక్సరు సులభముగా పెంచుకొనగలదు. రెండవ విధమునందు చిన్న ఎలక్ట్రానిక్ భాగము కలదు. దానికి 9 వోల్టుల బ్యాటరీ గాని, మిక్సరు పంపు 48 వోల్టుల విద్యుత్తు గాని కావలెను. ఇది గిటారునకు 10 లక్షల ఓములు, కొన్నిట నంతకు మించియు, చూపును గనుక సామాన్యపు పికప్పులుగల గిటార్లకు ఎక్కువ అనుకూలము.

పెట్టెనుండి మిక్సరునకు పోవు కేబులులో రెండు తీగెలు పెనవేసికొని, పైన తొడుగు కలిగియుండును. దారిలో వచ్చి చేరు జుమ్మను నాదము రెంటిమీదను సమానముగా పడును. మిక్సరు ఆ రెంటి భేదమును మాత్రమే గ్రహించును. త్రాసు రెండు తట్టలలోను సమానమైన బరువు వేసినచో ముల్లు కదలనట్లే, ఆ నాదము అచ్చట నిలువదు. అందుచేత నీ కేబులు 20 మీటర్లు కాదు, 50 మీటర్లున్నను భయము లేదు.

వేదికమీది ఆంప్లిఫయరు ఒకచోట, మిక్సరు వేరొకచోట ఎర్తుతో కలిసియుండి, కేబులు తొడుగు వానిని మరల కలిపినప్పుడు ఒక వలయ మేర్పడును. ఆనాడు మాకు వినబడిన నాదము చాలవరకు దానివలననే. పెట్టెమీద గ్రౌండ్ లిఫ్ట్ అను చిన్న మీట కలదు. అది మిక్సరువైపు తొడుగు బంధమును మాత్రమే తెంచి, ఆ వలయమును విడదీయును. ఆంప్లిఫయరు ఎర్తు పిన్ను దాని చోటనే భద్రముగా నుండును. నేను "భేష్" అన్న పనియు, ఈ మీట చేయు పనియు చెవికి ఒక్కటే. ఒకటి ప్రాణాంతకము, రెండవది నిరపాయము. మన ప్లగ్గులలో ఎర్తు పిన్ను తక్కిన రెంటికన్న పొడుగుగా నుండుట మీరు చూచియుందురు. అది మొదట తగులుటకు, చివర వదలుటకు నట్లు చేయబడినది. దానిని విరుచు నధికార మెవ్వరికిని లేదు.

ఈ పెట్టె క్రొత్తది కాదు. 1960వ దశాబ్దమున డెట్రాయిట్ నగరపు మోటౌన్ స్టూడియోయందు గిటార్లను, బేస్ గిటారును ఈ విధముననే తిన్నగా రికార్డు చేయుచుండిరి. 1967లో లండను అబీ రోడ్ స్టూడియోయందు బీటిల్స్ బృందపు పాల్ మెక్‌కార్ట్నీ బేస్ గిటారు స్వరమును గూడ ఇట్టి సాధనముతో గ్రహించిరి.

అయితే దీనికి హద్దులు కలవు. గిటారు ఆంప్లిఫయరులోని స్పీకరు సెకనుకు సుమారు 5,000 కంపనములకు పైనున్నవానిని చాలవరకు అణచివేయును. ఆ స్పీకరు నడుమ లేనప్పుడు గిటారు కొంత పలుచగా, పదునుగా వినబడును. సాదా స్వరమునకు, భజనకు, తోడుగా వాయించుటకు అది బాగుగనే యుండును. గరగరలాడు డిస్టార్షన్ పెడలు వాడువారు మాత్రము, స్పీకరు గుణము ననుకరించు పరికరమును పెట్టెకు ముందుంచవలెను. లేనిచో ఆంప్లిఫయరు ముందు మైకు నుంచుటయే మేలు.

మీలో నెవరైనను దీనిని వాడదలచినచో ఈ క్రమము గుర్తుంచుకొనుడు. గిటారునుండి పెడళ్లకు, అక్కడనుండి పెట్టెకు కేబులు తగిలింపవలెను. అది యెంత కురుచయైన నంత మంచిది. పెట్టెమీద లింకు లేక త్రూ అని వ్రాసిన రంధ్రమునుండి వేదికమీది ఆంప్లిఫయరునకు మరియొక కేబులు. అప్పుడు వాయించువాడు తన స్వరమును తాను వినగలడు. మూడుపిన్నుల గుండ్రని రంధ్రమునుండి మిక్సరునకు. తగిలించునప్పుడు మిక్సరులో ఆ మార్గమును మూసియుంచవలెను. లేనిచో ఢామ్మను దెబ్బకు స్పీకర్లు చెడును. ప్యాడ్ అను మీట కీబోర్డువంటి బలమైన స్వరములకు. గిటారునకు సాధారణముగా అక్కరలేదు. ఆంప్లిఫయరు స్పీకరునకు పంపు విద్యుత్తును, అందుకై ప్రత్యేకముగా చేయబడని పెట్టెకు ఎన్నడును తగిలింపరాదు.

ఇంత తెలిసికొనిన తరువాత నేను చేయవలసిన పని యింకొకటి మిగిలెను. ఆ సాయంకాలమే బాలుని యింటికి పోతిని. వాని తండ్రి వడ్రంగము చేయువాడు. నన్ను చూచి చిత్రిక ప్రక్కన పెట్టి లేచి, "పిల్లవాడేమైన తప్పు చేసినాడా మాస్టారూ?" అని యడిగెను.

"తప్పు నాది" అని, బాలునివైపు తిరిగి, "నాయనా, నీవు చెప్పినది నిజము. గిటారు సరిగనే యున్నది, నీ చేయి సరిగనే యున్నది. నేను వినలేదు. ఎర్తు లేని ప్లగ్గు విషయమున నింకను పెద్ద తప్పు చేసితిని" అంటిని. తండ్రి తడబడి, "పిల్లలతో మీరట్లు చెప్పవచ్చునా మాస్టారూ, కూర్చుండుడు" అనెను. బాలుడు చాలసేపు పలుకలేదు. తుదకు, "మరల చురుక్కుమనదుగదండీ?" అని మాత్రమడిగెను.

వాడడుగవలసిన ప్రశ్న యదియే. మరునాడు పూర్వ విద్యార్థి మీటరు తెచ్చి, ఎర్తు సరిగా నున్నదని చూచి, తీగెలకు మైకునకు నడుమ వోల్టేజి లేదని వానికే చదివించెను. అటుపిమ్మట వాడు గిటారు నెత్తుకొనెను. మొదట మైకును వ్రేలితో తాకి చూచి, తరువాతనే పెదవి నానించెను.

వార్షికోత్సవమునాడు వెనుక వరుసయందు కూర్చున్న వృద్ధులకు సయితము ఆ గిటారు తేటగా వినబడెను. రెండవ చరణమునందు వాడొక స్వరమును తప్పెను. అదియు అంతే తేటగా వినబడెను. వేదిక దిగి వచ్చి, నేను నోరు తెరువక ముందే, "మాస్టారూ, ఆ తప్పు నాదేనండీ" అని నవ్వెను. మద్దెల బాగుపడిన తరువాతనే గదా, ఆటలోని లోపము ఆడువానికి తెలియుట! మొదటినాడు నేను చేసిన నింద వానికి ఏమియు నేర్పలేదు. ఎందుకనగా అందులో వాని తప్పేదో, మా కేబులు తప్పేదో విడదీయుటకు వీలు లేకపోయినది.

అప్పటినుండి నేనా సామెతను విడిచిపెట్టలేదు గాని, వాడుటకు ముందు ఒక్కసారి కేబుళ్లను చూచుకొనుచున్నాను. తరగతిలో నెమ్మదిగా నూరు చెలమలవంటి పిల్లలు కొందరు కలరు. వారిని ప్రశ్న యడిగి, గడియారము చూడక, కొంచెముసేపు వేచియుండుట నేర్చుకొంటిని. ఆ పెట్టె యిప్పుడు మన పాఠశాల సంగీతపు అలమారలో నున్నది. కావలసినవారు నన్నడిగి తీసికొనవచ్చును. ప్లగ్గు మూడు పిన్నులతో నున్నదా లేదాయని మాత్రము నేనే వచ్చి చూచెదను.